తాండూరులో ఒక కేసు, ఒక కోడి

వికారాబాద్, తాండూరు వెళ్లి వచ్చానంటే మా ఆఫీసువాళ్లు "ఏముంది అక్కడ?" అని అడిగారు. మబ్బులూ బండలూ అని చెప్పాను, నమ్మలేదు. ఒక కేసులో సాక్షిగా వెళ్లానని చెప్పాక నమ్మారు, కానీ అప్పట్నుంచి క్యాంటీన్లో నాకు ఒక కుర్చీ ఎడంగా కూర్చుంటున్నారు. జరిగింది జరిగినట్టు రాసేస్తే ఆ కుర్చీ నిండుతుందేమోనని ఈ ప్రయత్నం.

ముందు నా పని గురించి చెప్పాలి. నేను క్లౌడ్‌లో పనిచేస్తాను. తణుకులో మా అమ్మ చుట్టాలతో "మావాడు మబ్బుల్లో ఉంటాడు" అంటుంది. "చిన్నప్పట్నుంచీ అంతేగా" అంటారు వాళ్లు. అసలు సంగతి ఇంతే. మీ ఫ్రిజ్ చల్లబడటం లేదని మీరు కంపెనీకి ఫోన్ చేస్తే, మీ బాధ ఎక్కడో ఉన్న కంప్యూటర్లో ఒక నంబరుగా మారుతుంది. ఆ నంబరు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి సాఫీగా జారేలా చూసే సాఫ్ట్‌వేర్‌కి నేను కాపలా. ఫ్రిజ్ చల్లబడటం నా శాఖ కాదు. ఆ నంబరును మేం 'కేసు' అంటాం. పని అయిపోతే కేసు మూసేస్తాం. మూసిన కేసుకు కస్టమర్ ఏ జవాబు పంపినా అది దానంతటదే మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి మా వృత్తిలో తిట్లకు ఎవరూ భయపడరు, 'థాంక్స్'కి భయపడతారు. ఒక మర్యాదస్తుడు చాలు, సాయంత్రానికి మా లెక్కలన్నీ తలకిందులు చేయడానికి.

ఈ సాఫ్ట్‌వేర్‌తో బతికేవాళ్లకి పెద్ద ఊళ్లలో ఒక్కో సంఘం ఉంది. హైదరాబాద్ సంఘం నెలకో శనివారం కలుస్తుంది. ముందు ఉపన్యాసం, తర్వాత టీ. ఉపన్యాసం కోసం ఎవరూ రారు, ఉపన్యాసకుడితో సహా. ఎక్కడ ఖాళీలున్నాయి, ఏ పరీక్షకు ఏం చదవాలి, ఇంటి నుంచి పని ఎవరిస్తున్నారు, అన్నీ టీ దగ్గరే తెలుస్తాయి. నా ఉద్యోగం నాకు రెండో కప్పు దగ్గర దొరికింది.

ఎస్తేరు ఆ టీ ఎప్పుడూ తాగలేదు. పుట్టింది యాలాల్, ఉండేది తాండూరు. చేలకు మందు కొట్టే పంపులమ్మే ఒక కంపెనీకి ఇంట్లోనే కూర్చుని ఫోన్లు ఎత్తుతుంది. ప్రతి నెలా రైల్లో వచ్చి, వెనక వరసలో కూర్చుని, ఉపన్యాసం మధ్యలో బండి టైమైందని బ్యాగు తీసుకుని లేచేది. మేమందరం తల తిప్పి చూసేవాళ్లం. చాలామందికి ఆమె పేరు కూడా తెలియదు, 'మధ్యలో లేచే మేడమ్' అనేవారు. ఈ ఏడాదితో ఇంటి నుంచి పని బంద్ అని ఆమె కంపెనీ చెప్పేసింది. ఇంకో పని వెతుక్కోవాలి. పని దొరికే చోటు టీ బల్ల, ఆ బల్ల దాకా ఆమెను బండి రానివ్వదు. కాబట్టి బల్లనే తాండూరుకు తెచ్చుకుంటానని దరఖాస్తు పెట్టింది.

రూలు ఇదీ: కొత్త ఊరి సంఘానికి గుర్తింపు రావాలంటే మొదటి సభకు పదిహేను మంది 'యూజర్లు' స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. పాత సంఘం నుంచి ఒక సాక్షి వెళ్లి చూసి రాయాలి. తప్పితే మళ్లీ ఏడాదికి. సాక్షిని ఎన్నుకున్న కమిటీ సమావేశానికి నేను వెళ్లలేదు. అందుకే నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

లింగంపల్లి

కౌంటర్లో ఆయన "టికెట్టా?" అని అడిగాడు. రైల్వే కౌంటర్లో ఇంకేం అమ్ముతారని అలా అడిగాడో తెలియదు. మా పనిలో టికెట్టన్నా కేసన్నా ఒకటే, ఎవరో ఏడుస్తున్నారని గుర్తు. రైల్వేలో టికెట్ కొన్నాక ఏడుస్తాం. సభ శనివారం మధ్యాహ్నం. నేను శుక్రవారమే బయల్దేరి వికారాబాద్‌లో దిగిపోదామనుకున్నాను. అక్కడి అనంతగిరి కొండ మీద వానాకాలం మబ్బులు నేలకు దిగుతాయట. ఇన్నేళ్లుగా మబ్బు తిండి తింటూ ఒక్క మబ్బునైనా దగ్గర్నుంచి చూడకపోవడం కృతఘ్నత అనిపించింది.

పెట్టెలో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎక్కడికని అడిగాడు. వికారాబాద్ అన్నాను.

"గాలికా?"

"మబ్బులకి."

ఆయన నా నుదురు మీద చెయ్యి పెట్టి చూడలేదు కానీ, ఆ ఆలోచన వచ్చినట్టు మొహంలో తెలిసింది. "గాలి మంచిగుంటది. జబ్బులున్నోళ్లు ఎన్కటి సంది గాడికే పోతరు," అన్నాడు దయగా.

వికారాబాద్

పేరులో తప్ప ఊళ్లో వికారం ఏమీ లేదు. ఎవరో నవాబు పేరు మీద వెలిసిందట. పేరులో సగం మింగేసి చదివితే తప్పు మనది. స్టేషను బయట వాన పడీ పడనట్టు ఉంది. ఆటో అతను కొండ మీదికి వెళ్లి రావడానికి మూడు వందలన్నాడు. నేను రెండు వందలన్నాను. "జర వాన చూడున్రి సార్," అన్నాడు. చూశాను. చూసినందుకు మూడు వందలిచ్చాను.

అనంతగిరి

సగం కొండ ఎక్కేసరికి మబ్బు ఎదురొచ్చింది. ఆటో దిగి దాని లోపలికి నడిచాను. లోపల ఏమీ కనిపించదు. ఒళ్లంతా చెమ్మ. ఎవరిదో గొంతు వినిపిస్తుంది కానీ మనిషెక్కడున్నాడో తెలియదు, మనం పిలిస్తే జవాబు రాదు. కస్టమర్ సర్వీసు క్లౌడ్ గురించి ఎన్నో శిక్షణలు తీసుకున్నాను. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

మబ్బులోంచి నిప్పులు కనిపించాయి. ఒకామె మొక్కజొన్న కాలుస్తోంది.

"ఒక పొత్తు ఇవ్వమ్మా," అన్నాను.

"పొత్తా? ఎవలతోని సారూ?" అంది విసనకర్ర ఆపి. "ఎలక్షన్లు గిట్ల ఉన్నయా?"

మా తణుకులో పొత్తంటే తినేది. ఇక్కడ పొత్తంటే పార్టీలు పెట్టుకునేది. అది తినే విషయమే కానీ తినేది మనం కాదు. వేలు పెట్టి చూపిస్తే "గట్లనున్రి, మక్క కంకి," అంది. ముప్పై రూపాయలు. ఉప్పూ కారం కలిపి, సగం నిమ్మకాయతో రుద్ది ఇచ్చింది. మా ఊళ్లో ఉప్పు రాస్తేనే విలాసం. ఇక్కడి కారానికి మబ్బులో కూడా చెమట పట్టింది.

గుడికి దిగే దారిలో మూసీ ఇక్కడే పుట్టిందని చూపించారు. నేనుండేది అత్తాపూర్‌లో. మూసీని నేను ముక్కుతో గుర్తుపడతాను. ఇక్కడ రాళ్ల సందులోంచి ఒక ఊట, పిల్లవాడి చేతిలోంచి జారిన నీళ్లలా పోతోంది. వంగి వాసన చూశాను, ఏ వాసనా లేదు. ఇది మూసీ కాదేమోనని ఆటో అతన్ని రెండోసారి అడిగాను. "గిదే సార్. పుట్టినప్పుడు అందరం గిట్లనే ఉంటం. పట్నం పోయినంకనే," అన్నాడు. అతను నా వైపు చూసి అన్నాడా, నది వైపు చూసి అన్నాడా అని ఇప్పటికీ అనుమానమే.

తాండూరు

రాత్రి వికారాబాద్‌లోనే ఉండి, శనివారం పొద్దున బండలున్న ఊరికి బండిలో వెళ్లాను. తాండూరు బండ తెలియని తెలుగువాడుండడు. పేరు తెలియకపోయినా ఎక్కడో ఒకచోట దాని మీద అన్నం తినే ఉంటాడు. మేం నాపరాయి అంటాం. ఇక్కడ బెంచీ బండ, గోడ బండ, కొట్టు మెట్టు బండ, చేను గట్టున కంచె కూడా నిలబెట్టిన బండలే. లారీల మీద బండలు, వాటి మీద ఆ బండల పొడి, ఆ పొడి మీద వాన పడి రోడ్డంతా పిండి కలిపినట్టు ఉంది. జారాను. పడ్డది కూడా బండ మీదే. నాణ్యత బాగుంది.

స్టేషను బయట హోటలాయనకు కన్నడం ఎక్కువ, తెలుగు తక్కువ. సరిహద్దు పక్కనే కదా.

"ఊట ఆయ్తా సార్?" అన్నాడు.

ఊట ఇక్కడి దాకా ప్రసిద్ధం కాబోలనుకుని, "ఆ, నిన్న కొండ మీద అయింది," అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. లోపలికి కేకేసి, అడక్కుండానే నా ముందు రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పచ్చిమిరప తొక్కు, ఉల్లిగడ్డ పెట్టించాడు. సగం తిన్నాక తెలిసింది, ఊట అంటే కన్నడంలో భోజనం. నేను నిన్నటి నుంచి తిండి లేని మనిషినయ్యాను. మూడో రొట్టె వేస్తుంటే కాదనలేకపోయాను. కాదంటే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. పుంటికూరంటే మా గోంగూరే. అత్తారింటికొచ్చి పేరు మార్చుకుంది. అరవై రూపాయలు తీసుకున్నాడు. మూడో రొట్టెకు తీసుకోలేదు.

ఎస్తేరు భర్త ప్రవీణ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. బండల పాలిష్ యూనిట్లో పనిచేస్తాడు, కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. బస్టాండు దగ్గర బండి ఆపి, గర్వంగా పైకి చూపించాడు. పెద్ద ఫ్లెక్సీ.

"కేసులు త్వరగా క్లోజ్ చేసుడెట్ల? హైదరాబాద్ నుండి నిపుణులు వస్తున్నారు. ప్రవేశం ఉచితం."

"కస్టమర్ కేసుల నిర్వహణ, యూజర్ గ్రూపు ప్రారంభ సభ అని ఎస్తేరు రాసిచ్చింది సార్," అన్నాడు. "ఫ్లెక్సీ షాపాయన గంత పొడుగు రాస్తే ఎవలు చదవరన్నడు. నేనే జర చిన్నగ జేపిచ్చిన."

"ఎస్తేరు చూసిందా?"

"సర్‌ప్రైజ్ సార్."

పప్పు మిల్లు మీది గది

సభ ఒక పప్పు మిల్లు పై అంతస్తులో. అద్దె లేదు, మిల్లు ఓనరుకు ఎస్తేరు ఆన్‌లైన్ పనులు చేసిపెడుతుంది. కింద కందులు విరుగుతుంటే పైన కుర్చీలు సన్నగా వణుకుతున్నాయి. "మా పప్పు తొందరగ ఉడుకుతది సార్, మస్తు ఫేమస్," అన్నాడు ఓనరు. నా పప్పులు ఎక్కడా ఉడకవని నేను చెప్పలేదు, సాయంత్రానికి ఎలాగూ తెలుస్తుందని.

రెండింటికి గది నిండిపోయింది. గోడ వెంబడి నిలబడ్డారు, మెట్ల మీద కూర్చున్నారు. హైదరాబాద్‌లో కూడా మాకు ఇంతమంది రారు. ఎస్తేరు మొహం చూశాను. సంతోషంగా లేదు, లెక్క తప్పినట్టు ఉంది.

ముందు వరసలో తెల్ల చొక్కా ఆయన లేచాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా కాగితాలు. "సార్, మాది గట్టు పంచాయితీ. మా అన్న మీద నేను, నా మీద మా అన్న. ఇద్దరిదీ ఒకేపారి క్లోజ్ చేస్తరా, ఎన్కా ముందా?"

ఎస్తేరు ప్రవీణ్ వైపు చూసింది. ప్రవీణ్ కిటికీలోంచి ఊరి అందాలు చూస్తున్నాడు.

ఆమె నిలబడి, ఇవి కోర్టు కేసులు కావని, కంపెనీ కేసులని, పొరపాటు జరిగిందని ఓపిగ్గా చెప్పింది. గొణుక్కుంటూ ఒక్కొక్కరే లేచారు. తెల్ల చొక్కా ఆయన మాత్రం గుమ్మం దగ్గర ఆగాడు.

"మరి మీ కేసులు ఎన్ని దినాలల్ల ఒడుస్తయ్?" ఒడవడమంటే ఇక్కడ అయిపోవడం.

"రెండు రోజులు," అన్నాను.

"గా సాఫ్ట్‌వేర్ ఏదో జర కోర్టుల పెట్టున్రి సార్," అని, బల్ల మీది బిస్కెట్ ప్యాకెట్ ఒకటి కోర్టు ఖర్చుల కింద తీసుకుని వెళ్లిపోయాడు.

గది ఖాళీ అయ్యాక అసలువాళ్లు మిగిలారు. బ్యాంకుకు ఫోన్లెత్తేవాళ్లు, బీమా కంపెనీకి మెయిళ్లు రాసేవాళ్లు, కర్ణాటకలోని సేడం నుంచి వచ్చిన సవిత అనే అమ్మాయి, ఇలా. లెక్కపెట్టాను. ఎస్తేరుతో కలిపి పద్నాలుగు. పదిహేనో మనిషి కొడంగల్ నుంచి రావాలి. బస్సు దొరకలేదు, తిరిగి ఇంటికి వెళ్లిపోతున్నానని మెసేజ్ పెట్టింది.

ఎస్తేరు ఆ మెసేజ్ నాకు చూపించి, "మీరు ఉన్నదున్నట్టే రాయున్రి సార్," అంది. గొంతులో ఏమీ లేదు. కస్టమర్లతో మాట్లాడీ మాట్లాడీ గొంతులో ఏమీ లేకుండా మాట్లాడటం మాకు అలవాటు.

అప్పుడు వెనక వరసలో కోడి అరిచింది.

కేసు

భుజాన గొంగడి, కాళ్ల మధ్య గుడ్డసంచి, సంచిలోంచి ఒక నాటుకోడి తల. మనిషి అరవైకి అటూ ఇటూ. కోర్టువాళ్లతో వెళ్లలేదు.

"పెద్దనాయినా, కోర్టు కేసులోళ్లు పోయిన్రు. నువ్వు?" అంది ఎస్తేరు.

"నాది కోర్టుది గాదు బిడ్డా. ఫోన్ల కేసు. గది ఒడ్సింది కూడ. క్లోజ్ చేసిన సారుకు దండం పెట్టి పోదామని వచ్చిన."

ఆయన పేరు బాలప్ప, పెద్దేముల్ దగ్గర ఊరు. గొర్లు ఉన్నాయి, కొంచెం కంది చేను ఉంది. ఎస్తేరు కంపెనీ పంపే కొన్నాడు, చార్జర్ పనిచేయలేదు, ఫోన్ చేశాడు. ఆ పూటే మెసేజ్ వచ్చింది. ఫోన్ తీసి నాకిచ్చాడు. మూడు మెసేజ్‌లు జాగ్రత్తగా దాచుకున్నాడు.

మొదటిది: "మీ కేసు నమోదైంది. అధికారికి అప్పగించడమైనది."

"గది సూడంగనే గుండె జల్లుమన్నది సార్," అన్నాడు. "పంపు ఖరాబైందని జెప్తే నా మీదనే కేసు పెట్టిన్రు. రెండోది సూడున్రి."

రెండోది: "మీరు ఫోన్‌లో అందుబాటులో లేరు. మీ కేసును పైకి పంపించాం."

"పైకి పంపుతరట! కేసునా, నన్నా, అడుగుదామంటే భయమాయె. ఫోన్ బంద్ చేసి, గొర్లను తోలుకోని చించోళి దిక్కు పోయిన."

గదిలో ఎవరూ నవ్వలేదు. కేసును పై అధికారికి అప్పగించే ఎస్కలేషన్‌ని 'పైకి పంపడం' అని మా కంపెనీలో కూడా రాస్తాం. చాలామంది బల్ల వైపు చూస్తున్నారు. వాళ్ల కంపెనీల్లోనూ అంతేనని అర్థమైంది.

మూడోది: "మీ నుండి స్పందన లేనందున మీ కేసు మూసివేయబడింది."

"గిది జూసి ఇంటికొచ్చిన. ఎవలో పుణ్యాత్ముడు మాఫ్ చేపిచ్చిండు. బస్టాండ్ల బోర్డు జూస్తే, కేసులు క్లోజ్ చేసే సారే వస్తున్నడని ఉన్నది." సంచి నా వైపు జరిపాడు. "తీస్కోన్రి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక కస్టమర్ మా సేవకు ఇంత సంతోషపడటం నేను చూడలేదు.

"మరి చార్జర్ మంచిగైందా?" అని ఎస్తేరు అడిగింది.

"చార్జరా? గది గట్లనే ఉన్నది."

"కేసంటే చార్జరే పెద్దనాయినా. నువ్వు ఫోన్ ఎత్తలేదని మూసేసిన్రు."

బాలప్ప కాసేపు లెక్కేసుకున్నాడు. "అంటే ఎవలు ఏం చెయ్యలే?"

"చెయ్యలే."

"గీ సారు?"

"సారు అసలు మా కంపెనీయే గాదు."

ఆయన కాలితో సంచిని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. "గట్లయితే కోడి వాపస్."

కిటికీ దగ్గర్నుంచి ప్రవీణ్ చిన్నగా దగ్గాడు. "సార్, ఈయన యూజరే గద?"

పద్నాలుగు మంది సాక్షి వైపు తిరిగారు. మా నిబంధనల్లో యూజరంటే సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్లు అని ఉంది. బాలప్పను పద్ధతి ప్రకారం అడిగాను, మీరు ఈ సాఫ్ట్‌వేర్ ఎలా వాడతారని.

"నేనేడ వాడిన సార్? గదే నన్ను వాడుకున్నది. కర్ణాటక దాకా తోలింది."

వాడినవాడూ వాడబడినవాడూ ఒకే ధాతువులోంచి వచ్చారని మనసులో రాసుకుని, అర్హుడే అన్నాను. ప్రవీణ్ పరిగెత్తుకొచ్చి హాజరు కాగితమూ పెన్నూ ఆయన ముందు పెట్టాడు.

బాలప్ప ఏడో తరగతి చదివాడు. సంతకానికి ముందు చదివే అలవాటు ఉంది. పై వరస మీద వేలు పెట్టాడు. "కే... సు... ల." వేలు నా పేరు దాకా వచ్చింది. "సాక్షి." పెన్ను కింద పెట్టేశాడు. "కేసు రాసున్నది, సాక్షి ఉన్నడు, సంతకం అడుగుతున్రు. ఇంకేం తక్కువ? బేడీలా?"

"జర పెట్టు పెద్దనాయినా," అన్నాడు ప్రవీణ్. "ఒక్క సంతకం తక్కువైంది. నువ్వు పెట్టకుంటే మా ఆమె..."

"నువ్వుండు," అంది ఎస్తేరు. కాగితం తీసి మడిచి పక్కన పెట్టేసింది. ఆయన పక్క కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. మూసిన కేసును మళ్లీ తెరిచి, అందులోది చదివింది.

"'చార్జర్ పెడితే ఎర్ర లైటు వస్తది, పచ్చగైతలేదు. చేన్ల పురుగు పడ్డది, మందు కొట్టాలె, జల్ది జూడున్రి.' గిది నువ్వు జెప్పిన ముచ్చటే గదా?"

బాలప్ప తెర మీదికి వంగాడు. "నా ముచ్చటే. నేనన్నది అన్నట్టే ఉన్నది గదా!"

"ఫోన్ ఎత్తింది నేనే. నువ్వన్నది అన్నట్టే రాసిన. గా మెసేజ్‌లు నేను రాయలే, మిషన్ పంపింది. గీడ కేసు ఏం లేదు పెద్దనాయినా. నీ ముచ్చట ఉన్నది, గంతే. సోమవారం కొత్త చార్జర్ పంపమని ఇప్పుడే పెడుతున్న."

"పచ్చ లైటు రాకముందే ఊకె మూస్తే?"

"మూయ. నువ్వు పచ్చగైందన్నంకనే మూస్త."

నేను ఊరుకోలేదు. మా వైపు ముచ్చటంటే చంటిపిల్లకు పట్టులంగా కడితే కలిగేది. "పురుగు పట్టిన చేను ముచ్చటేమిటి ఎస్తేరూ?" అన్నాను.

"మీ దిక్కు ముచ్చటంటే ముద్దు సార్. మా దిక్కు ముచ్చటంటే మాట," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. పని అయ్యాక కాగితం విప్పి, పైన 'కేసుల' కొట్టేసి 'ముచ్చట్ల' అని రాసింది. నా పేరు ముందున్న 'సాక్షి'ని కూడా కొట్టేసి నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. అక్కడ 'చుట్టం' అని రాసింది. కాగితాన్ని ఆయన ముందుకు జరపలేదు. బల్ల మీద వదిలేసి, టీ గిన్నె ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి లేచింది.

బాలప్ప కాగితాన్ని మొదట్నుంచి మళ్లీ చదివాడు. కింద మిల్లు ఆగింది, కుర్చీలు వణకడం మానేశాయి. పెన్ను ఆయనే తీసుకున్నాడు.

ఆ సంతకాన్ని సంఘం వెబ్‌సైటులో ఎక్కించాలి. పాత్ర ఎంచుకోమంది. అడ్మిన్, డెవలపర్, ఏజెంట్, మేనేజర్, శిక్షకుడు, ఇతరులు. కిందికీ పైకీ రెండుసార్లు వెతికాను. కస్టమర్ సర్వీసు సంఘంలో కస్టమర్ అనే మాట లేదు. బాలప్పను 'ఇతరులు'లో చేర్చాం. కోడిని లెక్కలోకి తీసుకోలేదు.

టీ

ఉపన్యాసం నాదే. ఎలా జరిగిందో చెప్పను, పప్పుల గురించి ముందే చెప్పాను. చివర్లో అల్లం టీ, వేడి మక్క గారెలు వచ్చాయి. మా ఊళ్లో గారెలంటే మినుములే. మొక్కజొన్నతో గారెలేమిటని నవ్వినవాణ్ణి నాలుగు తిని నోరు మూసుకున్నాను.

అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నేను గడియారం చూసుకున్నాను. బండికి టైమైంది. ఎవరికీ ఇబ్బంది కాకుండా మెల్లగా బ్యాగు తీసుకుని లేచాను.

అందరూ తల తిప్పి చూశారు.

ఆ చూపు నాకు తెలుసు. ప్రతి నెలా నేనూ అలాగే చూసేవాణ్ణి. అటువైపు నుంచి చూడటం ఇదే మొదలు.

"కూసోన్రి సార్," అంది ఎస్తేరు, గ్లాసులో టీ పోస్తూ. "అసలు ముచ్చట ఇప్పుడే షురూ అయితది."

కూర్చున్నాను. నా బండి వెళ్లిపోయిన చప్పుడు కిటికీలోంచి స్పష్టంగా వినిపించింది. స్టేషను దగ్గరే. రెండో గ్లాసు దగ్గర సేడం సవిత చెప్పింది, వాళ్ల బ్యాంకువాళ్లు తెలుగూ కన్నడమూ రెండూ వచ్చినవాళ్ల కోసం చూస్తున్నారట, ఇంటి నుంచే పని. ఎస్తేరు గ్లాసు బల్ల మీద పెట్టి "నంగె బరుత్తె," అంది, నాకొచ్చు అని. అర్థం ప్రవీణ్ చెప్పాడు. ఈసారి నేను ఊహించే సాహసం చేయలేదు.

బాలప్ప మూడు గారెలు తిని, కోడిని చంకలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాడు.

మళ్లీ అత్తాపూర్

మర్నాడు పొద్దున బస్సులో వచ్చేశాను. తాండూరు సంఘానికి గుర్తింపు వచ్చింది. మెయిల్ చివర్లో ఎప్పటిలాగే "ఈ కేసు మూసివేయబడింది, దయచేసి జవాబు ఇవ్వకండి" అని ఉంది. ఎస్తేరుకు ఆ బ్యాంకు నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. 'కేసు' బదులు 'ముచ్చట' వాడదామని నేను మా ఆఫీసులో ప్రతిపాదించాను. దానిమీద ఒక కమిటీ వేశారు. ఆ రోజు నేను రాలేదు కాబట్టి అందులో నేనూ ఉన్నాను.

చార్జర్ పెద్దేముల్ చేరింది. పచ్చ లైటు వెలిగిందని బాలప్ప ఫోన్ చేసి చెప్పాడు. మాటిచ్చిన ప్రకారం ఎస్తేరు అప్పుడే మూసింది. ఆ సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "పచ్చగైంది. సల్లగుండు బిడ్డ."

అది మళ్లీ తెరుచుకుంది.

ఇలాంటివి ఒక్క రోజులో మూసేయాలి, లేకపోతే లెక్కల్లో ఎర్రగా కనిపిస్తుంది. వారం తర్వాత కూడా అది తెరిచే ఉందని ఎస్తేరు మాటల్లో అంది. ఎందుకు మూయలేదని వృత్తిరీత్యా అడిగాను. కోడి కోసం చూస్తున్నావా అని కూడా అడిగాను.

"ముచ్చట ఇంకా ఒడ్వలే సార్," అంది.